మన యింటి కర్పూర తైలము

నెల్లూరు, తిరుపతి ప్రాంతములలో ఏ యింటికి వెళ్లినను అటకమీదనో, మందుల పెట్టెలోనో, పశువుల కొట్టములోని గూటిలోనో ఒక సీసా కనబడును. దానిలోని ద్రవము నీటివలె తేటగా నుండును. మూత తీయగానే ఘాటైన వాసన ముక్కునకు సోకును. ఇది యేమని యడిగినచో కర్పూర తైలమని చెప్పుదురు. కీలు నొప్పికి అవ్వకు రాయుట కదియే, ఆవునకు కడుపుబ్బినపుడు వెదకుట కదియే, తలుపులకు రంగు వేసిన తరువాత కుంచె కడుగుట కదియే. ఇన్ని పనులకు వచ్చు వస్తువు ఇంట నుండుట మంచిదే. కాని ఆ సీసాలో నిజముగా నున్నదేమో తెలిసికొని వాడుచున్న గృహిణులు మిక్కిలి తక్కువ.

నాయుడుపేట బజారులో ఈ యొక్క పేరు చెప్పి మూడు రకముల అంగళ్లకు వెళ్లి చూడుడు. మందుల అంగడిలో నిచ్చునది టర్పెంటైను. ఇది చెట్టునుండి వచ్చిన తైలము. రంగుల అంగడిలో టర్పెంటాయిలని ఇచ్చునది పెక్కు సందర్భములలో చెట్టు మొగము చూచినది కాదు. కిరసనాయిలువలె రాతినూనెనుండి తీసిన మినరల్ టర్పెంటైను. పూజా ద్రవ్యముల అంగడిలో నైనచో కొబ్బరినూనెలో కర్పూరము కరగించి సీసాకెత్తినది చేతికి వచ్చును. మూడును ఘాటుగా నుండును, మూడింటిని జనులు కర్పూర తైలమనియే యందురు. మొదటిదానిని మితముగా ఒంటికి రాయవచ్చును. రెండవదానిని ఒంటికి రాయనే కూడదు. మూడవదానిని పసిబిడ్డల దరికి చేర్పరాదు. పేరొకటియే గదా యని ఒకదాని స్థానమున మరియొకటి వాడుటవలన కలుగు చేటును గూర్చియే మేమీ వ్యాసమున ముఖ్యముగా చెప్పదలచితిమి.

మొదట చెట్టు సంగతి. అమరము వల్లె వేసిన పెద్దలకు సరళమను వృక్షము పేరు తెలిసియే యుండును. దాని బంకకు సరళద్రవము, శ్రీవాసము, శ్రీవేష్టము అను పేర్లు ఆ నిఘంటువులోనే కలవు. హిమాలయ పర్వత పాదములందు, ముఖ్యముగా ఉత్తరాఖండ, హిమాచల ప్రదేశములందు ఈ చెట్లు వనములు వనములుగా పెరుగును. అచ్చటివారు దీనిని చీడ్ అనియు చీర్ అనియు పిలుతురు. ఆకులు సూదులవలె సన్నగా పొడవుగా నుండి మూడేసి యొక కట్టగా పుట్టును. పువ్వు, పండు ఉండవు. చెక్కతో చేసిన తామరమొగ్గ వంటి శంకువులలో విత్తనములు దాగియుండును. శాస్త్రజ్ఞులు దీనికి పెట్టిన పేరు పైనస్ రాక్స్‌బర్ఘి. ఈ రాక్స్‌బర్గు దొర మన తెలుగు దేశమునకు పరాయివాడు కాడు. 1781 మొదలు 1793లో కలకత్తాకు తరలిపోవువరకు సామర్లకోటలో నుండి మన చెట్టు చేమలను బొమ్మలు గీయించి గ్రంథస్థము చేసిన వైద్యుడు. గోదావరి మండలమున మొక్కల నెంచినవాని పేరు హిమాలయపు చెట్టునకు దక్కినది.

నాయుడుపేటనుండి సముద్రపు వైపునకు, వాకాడు, కోట దారిలో ప్రయాణము చేసిన సోదరీమణులు సరుగుడు తోపులను చూచియుందురు. సన్నని పుల్లలవంటి ఆకులు, చిన్న శంకువులవంటి కాయలు, గాలికి సముద్రమువలె చేయు హోరు, ఇవన్నియు చూచి అదియు సరళవృక్షపు జాతియే యని చాలమంది భ్రమపడుదురు. అది నిజము కాదు. సరుగుడు పూచెడి చెట్టు. ఆకులని మనమనుకొనునవి కణుపులు గల సన్నని రెమ్మలు. దానినుండి తైలము రాదు, బంక కారదు. మన దేశవాళి కాని దానిని వంటచెరకు కొరకును, కడపులకును, ఇసుక నేలలను నిలుపుటకును పెంచుచున్నారు. దేవదారు సంగతియు నిట్టిదే. హిమాలయములలోని అసలు దేవదారు శంకువులు గల మహావృక్షము. మన ఎండు కొండలలో దేవదారి యని పిలువబడునది వేరొక చిన్న చెట్టు. చేవకు మంచి వాసన యుండుటచేత ఆ పేరు వచ్చినది. పచారి అంగడిలో దేవదారు చెక్క యని కొనునపుడు ఏది వచ్చినదో తెలియుట కష్టము. కావున ఆ చెక్కను నూరి కషాయము పెట్టుటకు ముందు తెలిసిన వైద్యునకు చూపుట మేలు. చీరల పెట్టెలో వేయుటకైనచో ఏ చెక్కయైనను చిక్కు లేదు.

సరళవృక్షపు కాండమున తొక్కను కొంత చెక్కి, క్రింద పాత్ర కట్టుదురు. తాటిచెట్టునకు కుండ కట్టినట్లే యుండును గాని, కారునది కల్లు కాదు, తేనెవలె చిక్కని జిగురు. దానిని ఆవిరితో బట్టీ పట్టినపుడు పైకి వచ్చి చల్లారునది టర్పెంటైను తైలము. అడుగున మిగులు పచ్చని గాజువంటి గడ్డ రోజను. నూరు పాళ్ల బంకలో 15, 20 పాళ్లు మాత్రమే తైలము, తక్కినదానిలో చాల భాగము రోజనే. ఫిడేలు వాయించువారు కమానుకు రుద్దుకొనునది ఈ రోజనే. ఉత్తర దేశమున బరేలీ దగ్గరి క్లట్టర్‌బక్‌గంజులో ఇరువదవ శతాబ్ది పూర్వార్ధముననే ఇందుకై పెద్ద కర్మాగారము వెలసినది.

చెట్టునుండి వచ్చు టర్పెంటైనునకు కర్పూర తైలమను పేరు పొరపాటుగా వచ్చినదని కొందరందురు. అసలైన కర్పూరపు చెట్టు వేరు. అది చీనా, జపాను దేశములది, దాల్చినచెక్కకు దగ్గర చుట్టము. కాని యిందులో నొక చిత్రమున్నది. గత శతాబ్ది ఆరంభమున జర్మనీ దేశపు రసాయన శాస్త్రజ్ఞులు టర్పెంటైనులోని పైనీను అను పదార్థమునుండి కర్పూరమును చేయు విధమును వ్యాపారపు స్థాయికి తెచ్చిరి. నేడు మనము హారతి పళ్లెమున వెలిగించు బిళ్లలలో అధిక భాగము ఇట్లు చేయబడినదే. మనకు దగ్గరలోని కాంచీపురమునందును ఇట్టి కర్పూరపు కర్మాగారము కలదు. కాబట్టి పూర్వులు ఏ కారణముచేత ఆ పేరు పెట్టినను, ఇప్పుడు సరళ తైలము కర్పూరమునకు తల్లియైనది. తల్లి బిడ్డలిద్దరును మందులే, ఇద్దరును విషములే.

ఇక ఉపయోగములు. టర్పెంటైను చర్మముపై పడినపుడు అచ్చట కొంచెము మంట పుట్టించి రక్తమును పైకి లాగును. ఆ వెచ్చదనమువలన లోపలి నొప్పి కొంతసేపు తెలియకుండును. నడుము పట్టినపుడు, మోకాళ్లు పీకినపుడు, పిక్కలు తిమ్మిరెక్కినపుడు మర్దన తైలములలో దీనిని చేర్చుట ఇందుకే. నొప్పి హరించునే గాని, కీళ్ల జబ్బును ఇది కుదుర్చదు. నెలల తరబడి రాయుచునే యుండి వాపును ఉపేక్షించుట తగదు. జలుబునకు రొమ్ముపై రాయు కొన్ని లేపనములలోను ఇది కలదు. డబ్బామీది చిన్న అక్షరములలో టర్పెంటైను తైలమనియో, తార్పీను తైలమనియో వ్రాసియుండును. 1893లో మన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు బొంబాయిలో అమృతాంజనమును ఆరంభించినది మొదలు తెలుగువారి యిండ్లలో తలనొప్పి లేపనము లేని గూడు లేదనవచ్చును. ఇన్ని తరములుగా వాడుచున్నను డబ్బాపై నున్న జాబితాను చదివెడి అలవాటు మనకు అబ్బలేదు. అద్దములు పెట్టుకొనియైనను ఒకసారి చదువుడు. అందులో కర్పూరమెంతో, పిప్పరమెంటు పువ్వెంతో, ఏ వయసు బిడ్డలకు వాడరాదో వ్రాసియే యుండును.

మందుల అంగడి టర్పెంటైనును ఇంటనే మర్దన తైలముగా చేసికొనువారికి కొలత చెప్పుచున్నాము. 100 మిల్లీలీటరుల నువ్వులనూనెకు 2 మిల్లీలీటరులు చాలును. అంతకన్న గట్టిది వలసినచో వైద్యుడు చెప్పిన లినిమెంటును కొని, దానిపై వ్రాసినట్లు వాడవలెను. మొదట ముంజేతి లోపలివైపున నాణెమంత మేర రాసి ఒక దినము చూడుడు. ఎఱ్ఱబడినను, దురద పుట్టినను ఆ తైలము మీ యొంటికి పడదు. ముఖమునకు, కన్నుల దగ్గర, గాయములపై, మర్మస్థానములందు రాయరాదు. రాసిన తరువాత వేడినీళ్ల సంచితో కాపుట, గుడ్డతో బిగించి కట్టుట పనికిరాదు. మంట పెరిగి బొబ్బలు లేచును. గర్భిణులు, ఉబ్బసము గలవారు, మూత్రపిండముల జబ్బు గలవారు దీని జోలికి పోకుండుట మంచిది.

పశువుల విషయమున ఈ తైలము చేసెడి మేలు నిజముగా పెద్దది. పుండులో పురుగులు పడినపుడు గుడ్డముక్కను ఇందులో తడిపి పెట్టినచో పురుగులు పైకి వచ్చును. వానిని చిమటాతో తీసివేయుదురు. ఆవు పచ్చిమేత యెక్కువగా తిని డొక్క ఉబ్బినపుడు వేరుశనగనూనెలో కొంత టర్పెంటైను కలిపి త్రాగించుట పల్లెలందు వాడుక. ఇది పశువైద్యుడు కొలిచి యిచ్చినపుడే మందు. వెదురు గొట్టముతో ఆదరాబాదరాగా పోసినచో కడుపులోనికి పోవలసినది ఊపిరితిత్తులలోనికి పోయి, ఉబ్బు తగ్గకముందే పశువు పోవును. పాలిచ్చు ఆవైనచో పాలకును ఆ వాసన పట్టును.

ఇంటి సామానునకు ఇది చేయు సేవ చెప్పనే లేదు. టేకు బీరువాకు, ఊయల బల్లకు మెఱుగు పెట్టుటకు తేనెమైనమును, టర్పెంటైనును కలిపిన ముద్దకు సాటి మరియొకటి లేదని మా అభిప్రాయము. మైనమును వేడినీళ్ల గిన్నెలో నుంచిన మరియొక గిన్నెలో కరగించి, పొయ్యి పూర్తిగా ఆర్పి, గిన్నెను పెరటిలోనికి తెచ్చిన పిమ్మటనే టర్పెంటైను పోయవలెను. రాజుచున్న పొయ్యిపై పోసినచో ఆవిరి భగ్గున మండును. చల్లారిన ముద్దను పాత నూలుబట్టతో పలుచగా రుద్ది, ఒక జాము తరువాత తుడువుడు. చీరపై పడిన రంగు చుక్కకు దూదితో టర్పెంటైను అద్దుదురు. నూలు చీరయైనచో సరే. వెంకటగిరి జరీచీరకు మాత్రము ఈ సాహసము చేయకుడు. రంగు మరక పోయినను నూనె మరక మిగులవచ్చును.

ఇంతవరకు మంచి చెప్పితిమి. గత వేసవిలో మేము నాయుడుపేటలో చుట్టముల యింట నుండగా పొరుగింట జరిగిన సంగతి యొకటి ఇక్కడ చెప్పవలెను. ఇంటికి రంగులు వేసిన పనివారు మిగిలిన టర్పెంటాయిలును శీతల పానీయపు సీసాలో పోసి మెట్ల క్రింద విడిచిపోయిరి. రెండేండ్ల పిల్లవాడు దానిని చూచి నోటికెత్తెను. ఒక్క గుక్క కూడ పూర్తిగా మింగియుండడు. వెంటనే దగ్గు పట్టుకొనెను, ముఖము ఎఱ్ఱబడెను. వాని అవ్వ పరుగెత్తివచ్చి, "ఉప్పునీళ్లు తీసకరాండే, కక్కిచ్చేద్దాం" అని కేకలు వేసెను. అప్పుడు ప్రక్కయింటి కోడలు, ఆశా కార్యకర్తగా పనిచేయుచున్న యువతి, వచ్చి అవ్వ చేతిని పట్టుకొని ఆపెను.

"వద్దు పెద్దమ్మా, కక్కించొద్దు. వాడు దగ్గతా ఉండాడు చూడు. కక్కిస్తే అదంతా మళ్లా ఊపిరితిత్తుల్లోకి పోతాది."

"ఏందమ్మే, ఇసం లోపల పెట్టుకోని ఊరుకోమంటావా?"

"కడుపులో ఉంటే కొంచెం నయం పెద్దమ్మా, రొమ్ములోకి పోతేనే ప్రాణం మీదికొచ్చేది. ఇట్టనే కూసోబెట్టండి. 108కి చెప్పినా, వస్తా ఉండారు."

ఆ బిడ్డకు రాత్రికి జ్వరము వచ్చెను, ఊపిరి వేగమాయెను. ఆసుపత్రిలో ప్రాణవాయువు పెట్టి మూడు దినములు చూచి పంపిరి. బిడ్డ బ్రతికెను. అవ్వ చేతిలోని ఉప్పునీళ్ల గ్లాసు వాని నోటికి చేరియుండినచో ఏమయ్యెడిదో చెప్పలేము.

ఆ యువతి చెప్పినది అక్షరాల నిజము. టర్పెంటైను పలుచనిది, జారుడు గుణము గలది. మింగునపుడు ఒకటి రెండు చుక్కలు పొరబోయి గాలిగొట్టములో పడినను, అవి క్షణములో ఊపిరితిత్తుల లోపలి పలుచని పొరపై వ్యాపించి దానిని కాల్చినట్లు చేయును. వాంతి చేయించుటయనగా అదే ద్రవమును అదే గొంతు ప్రక్కనుండి రెండవసారి పంపుట. కడుపులో నిలిచినదియు నిరపాయము కాదు. రక్తమున చేరి మత్తు, తూలు, మూర్ఛలు కలిగించును, మూత్రపిండములను దెబ్బతీయును. 15 మిల్లీలీటరులు, అనగా ఒక పెద్ద చెంచాడు, లోపలికి పోయి పిల్లలు మరణించిన సందర్భములు వైద్యగ్రంథములలో కలవు. మినరల్ టర్పెంటైను, కిరసనాయిలు, ఇల్లు కడుగు ఫినాయిలు కూడ ఊపిరితిత్తులను ఇట్లే చెరచగలవు. తెల్ల ఫినాయిలులో నుండునది సాధారణముగా పైను నూనె. ఇదియు సరళజాతి చెట్టునుండి వచ్చినదే, టర్పెంటైనునకు తోబుట్టువు. నీటిలో కలుపగానే పాలవలె తెల్లబడుటచేత బిడ్డలు పాలని భ్రమపడుటయు కలదు.

ఆపద వచ్చినపుడు చేయవలసినది కొంచెమే. వాంతి చేయింపరాదు, ఉప్పునీరు, చింతపండు నీరు, కోడిగ్రుడ్డు, పాలు ఏదియు పోయరాదు. నోటిని తడిగుడ్డతో తుడిచి, తైలము పడిన బట్టలు విప్పి, ఒళ్లు సబ్బునీటితో కడిగి, బిడ్డను కూర్చుండబెట్టి యుంచుడు. తెలివి తప్పినచో ప్రక్కకు త్రిప్పి పరుండబెట్టుడు. 108నకు పిలిచి, సీసాను కూడ వైద్యునకు చూపుటకై వెంట తీసికొనిపొండు. దగ్గు తగ్గి ఆడుకొనుచున్నాడు గదా యని ఇంటనే యుండిపోవుట ప్రమాదము; ఊపిరితిత్తుల వాపు కొన్ని గంటలకు గాని బయటపడదు. నాయుడుపేటనుండి తిరుపతి పెద్దాసుపత్రికైనను, నెల్లూరికైనను అరువది, డెబ్బది కిలోమీటర్ల దారి. దగ్గరి ప్రభుత్వ వైద్యశాలకు ముందు చేరి, వారు చెప్పినట్లు అచ్చటికి వెళ్లవలెను.

కర్పూరము సంగతి మరింత వేగమైనది. హారతి బిళ్ల మిఠాయివలె తెల్లగా నుండును, పూజగదిలో బిడ్డకు అందుబాటులో నుండును. మింగిన నిమిషములలోనే మూర్ఛలు రాగలవు. పసివానికి ఒక గ్రాము చాలు ప్రాణము తీయుటకు. కొబ్బరినూనెలో కర్పూరము కరగించి జలుబు చేసిన పసికందు రొమ్మునకు, పాదములకు రాయుట మన ప్రాంతమున పెద్దలు తరతరములుగా చేయుచున్న పని. చర్మముద్వారాను అది లోపలికి పోవునని ఇప్పుడు తెలిసినది. అమెరికా దేశమున కర్పూరపు నూనె అమ్మకమునే నిషేధించి, తక్కిన లేపనములలో కర్పూరము నూటికి 11 పాళ్లకు మించరాదని నియమము చేసిరి. రెండేండ్లు నిండని బిడ్డకు కర్పూరము గాని, టర్పెంటైను గాని, నీలగిరి తైలము గాని ఏ రూపముననైనను రాయకుండుటయే మార్గము. ముక్కు దిబ్బడయైనచో ఉప్పునీటి చుక్కలు, తల్లిపాలు, తలను కొంచెము ఎత్తుగా నుంచి ఒడిలో పట్టుకొనుట, ఇవి చాలును. అత్తగారు బలవంతము చేసినపుడు కోడలు కాదనలేదు, మేమెరుగుదుము. అట్టిచోట ఉత్త కొబ్బరినూనెను గోరువెచ్చగా కాచి ఆమె చేతికే యిచ్చి రాయమనుడు. బిడ్డకు కావలసినది ఆ అరచేతి వెచ్చదనమే గదా.

ఒకప్పుడు పాశ్చాత్య వైద్యులును నులిపురుగులకు టర్పెంటైనును లోపలికిచ్చిరి. మంచి మందులు దొరికిన పిదప దానిని విడిచిరి. ఇటీవల చరవాణి తెరలపై పంచదారమీద నాలుగు చుక్కలు వేసికొని తినినచో కడుపులోని క్రిములన్నియు నశించునని బోధించువారు బయలుదేరినారు. పాతబడి పారవేసిన దానిని క్రొత్త విద్యగా అమ్ముచున్నారు. మన ప్రభుత్వ పాఠశాలలలో, అంగన్వాడీలలో నులిపురుగులకు ఉచితముగా నిచ్చు ఆల్బెండజోలు మాత్ర ఉండగా ఈ ప్రాణాంతకపు చుక్కలేల?

పాత సీసాల గురించి ఒక్క మాట. ఆవకాయ పాతబడిన కొలది ఊరును. టర్పెంటైను పాతబడిన కొలది చెడును. గాలి సోకినపుడు అందులోని కెరీను అను పదార్థము మారి చర్మమునకు పడని వస్తువగును. మన దేశపు సరళ తైలమున ఈ కెరీను అధికము. రంగులు వేయువారి చేతులపై చీలికలు, రసికారు తామర యుండుటకు ఇదియు నొక కారణము. ఒకసారి పడకపోయినచో ఆ జన్మాంతమును పడదనుకొనుడు. సీసాను నిండుగా, బిగువుగా మూతపెట్టి, చీకటిగల చల్లని చోట నుంచవలెను. అడుగున జిగురు చేరినను, పసుపు రంగు తిరిగినను ఒంటికి వాడరాదు.

చల్లని చోటని యేల యంటిమనగా, ఈ తైలపు ఆవిరి ఇంచుమించు 35 డిగ్రీల వేడిమికే నిప్పురవ్వ తగిలిన యెడల అంటుకొనును. మన వైపున చైత్ర వైశాఖములలో ఎండ 40 డిగ్రీలు దాటుట వింత గాదు. అనగా వేసవి మధ్యాహ్నము అటకమీద నున్న సీసా, మూత వదులైనచో, దీపమునకు కాచుకొని కూర్చున్నదన్నమాట. పూజగదిలో, పొయ్యి దగ్గర, రేకుల కొట్టములో దానినుంచరాదు. తైలము తుడిచిన గుడ్డలను ముద్దగా చుట్టి మూలను పడవేయుట మరియు అపాయము. అవిసెనూనె కలిసిన గుడ్డలైనచో తమంతట తామే వేడెక్కి రాజుకొనగలవు. ఆరుబయట విడివిడిగా ఆరవేసి పిదప పారవేయుడు.

చిన్న చిన్న సీసాలలో పైను, దేవదారు, సైప్రసు అను తైలములు ఇప్పుడు పట్టణములనుండి తపాలాలో వచ్చుచున్నవి. చదువుకొన్న అమ్మాయిలు గదిలో సువాసనకై వానిని నీటిలో వేసి ఆవిరి పట్టించు యంత్రములు కొనుచున్నారు. సువాసనగా మాకును అభ్యంతరము లేదు. కిటికీ తెరచి, అరగంటకు మించకుండ, ఉబ్బసపు మనిషియు పసిబిడ్డయు లేని గదిలో రెండు మూడు చుక్కలు చాలును. పెంపుడు పిల్లి యున్నచో అసలే వలదు. దాని కాలేయమునకు వీనిని హరించుకొను శక్తి మిక్కిలి తక్కువ. శుద్ధమని, సహజమని, చెట్టుదని సీసాపై వ్రాసినంత మాత్రమున మింగదగినది కానేరదు. మన తోటలలో కంచెగా పెంచు తూజా మొక్కయు సహజమైనదే, దాని తైలము మూర్ఛలు పుట్టించునదే. రొంప పట్టినపుడు మరుగు నీటి గిన్నెమీద దుప్పటి కప్పుకొని ఈ చుక్కలు పీల్చుటయు నొక వేడుకయైనది. పిల్లలచేత మాత్రము చేయింపకుడు. మరుగునీరు ఒడిలో ఒలికి కాలిన తొడలను మేము చూచినాము.

ఈ నెలలోనే ఒక దినము తీరిక చేసికొని మీ యింటి సీసాలన్నిటిని క్రిందికి దింపుడు. పేరు లేని దానిపై చీటీ అంటించి, లోన నున్నదేమో, కొన్న తేదీయేదో పెద్ద అక్షరములతో వ్రాయుడు. మినరల్ టర్పెంటైను అయినచో "ఒంటికి కాదు" అని కూడ వ్రాయుడు. శీతల పానీయపు సీసాలో, నీళ్ల సీసాలో పోసియున్న దానిని అంగడినుండి వచ్చిన అసలు డబ్బాలోనికి మార్చి, ఖాళీ సీసాను పగులగొట్టి పారవేయుడు. ఏ తైలమో గుర్తింపలేనిచో వాసన చూచి తేల్చవలదు. మురుగుకాలువలోను, బావి దగ్గరను ఒంపవలదు. రంగుల పనివానికి చూపి కుంచెలు కడుగుటకు ఇచ్చివేయుడు. ఇక ఇంట నుంచదలచినవానిని తాళము గల గూటిలో, మీ భుజమున కెత్తుగా నుంచి, తాళపుచెవిని బొడ్డున దోపుకొనుడు.